మొదటి గొలుసు నుంచి గంజి దాకా: ఏడాది చివర లేసు లెక్కలు

డిసెంబరు ఆఖరుకి సార్వా మాసూళ్లు అయిపోతాయి. దాళ్వాకి నారుమళ్లు పోసుకుంటూ ఉంటారు. వానలు వెనక్కి తగ్గి, గాలి పొడిబారి, మధ్యాహ్నపు ఎండ వీపుకి హాయిగా తగిలే ఈ నాలుగు వారాలే మన గోదావరి డెల్టాలో క్రోషే లేసు (కొక్కెం సూదితో అల్లే లేసు) పెట్టె అడుగుదాకా తిరగేయడానికి అసలైన సమయం. వానాకాలంలో ఉతికిన లేసు రెండో రోజుకీ ఆరదు, ముక్కిన వాసన వేస్తుంది. ఎండాకాలంలో చేతికి చెమటపట్టి తెల్లదారం మాసిపోతుంది. ధనుర్మాసంలో ఆ రెండు బాధలూ లేవు. ఈ ఏడాది ఏం అల్లాం, ఏది సగంలో ఆగింది, వచ్చే ఏడాది ఏం మొదలుపెట్టాలి అన్న లెక్క ఇప్పుడే చూసుకోవాలి.

పెట్టె తెరిస్తే ఎవరింట్లోనైనా ఇంచుమించు ఒకటే సరుకు కనిపిస్తుంది. జత కుదరని పువ్వులు, అతకకుండా మిగిలిపోయిన చదరాలు, చీటీ ఊడిపోయి ఏ నంబరో తెలియని దారపు ఉండలు, ఎప్పటివో రెండు మూడు సూదులు. వీటిలో జత కుదరని పువ్వుల్ని చూస్తే మన ఊళ్ల లేసు కథంతా కళ్లముందు కదులుతుంది.

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు, వీరవాసరం, ఆచంట, పెనుగొండ, ఏటవతల రాజోలు, సఖినేటిపల్లి. ఈ ఊళ్లలో ఒకప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ వీధిలోకి వెళ్లినా అరుగుల మీద ఆడవాళ్లు గుంపుగా కూర్చుని అల్లుతూ కనిపించేవారు. లోపల విజయవాడ రేడియో మోగుతుండేది. కబుర్లు సాగుతుండేవి, చూపు మాత్రం సూది మొన మీంచి కదిలేది కాదు. "పిన్నిగారూ, నా వరసలో ఒక గొలుసు తగ్గినట్టుంది, చూడండి" అంటే, ఆవిడ లెక్కపెట్టకుండానే వేలితో తడిమి ఎక్కడ తగ్గిందో చూపించేవారు. ఆడపిల్లలు ఎనిమిదీ తొమ్మిదేళ్లకే లూపులోంచి లూపు లాగి వేసే గొలుసు కుట్టు నేర్చేసుకునేవారు. ఏజెంటు సైకిలు మీద వచ్చి దారం కట్టలు ఇచ్చి, అల్లిన పువ్వులు పట్టుకెళ్లేవాడు. ఎంత దారం అల్లితే అంత కూలి.

ఆ పని ముక్కలు ముక్కలుగా పంచుకునేవారు. పువ్వులు అల్లేవాళ్లది చేతిపని. వాటిని కలిపేవాళ్లది అతుకుపని. గుడ్డ అంచుకి లేసు ఎక్కించేవాళ్లది కాజాకుట్టు. ఒక వీధిలో ఒకే రకం పువ్వు ఏళ్ల తరబడి అల్లినవాళ్లు ఉండేవారు. ఆ పువ్వు చివరికి ఏ బల్లగుడ్డలో ఏ మూలన చేరిందో వాళ్లకి తెలిసే దారే లేదు. ఉతుకు, గంజి, ఇస్త్రీ, కట్టలు కట్టడం వ్యాపారి ఇంట్లో జరిగేవి. అక్కణ్ణుంచి సరుకు ఇంగ్లండుకో జర్మనీకో ఓడెక్కేది. 19వ శతాబ్దంలో మిషనరీలు క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లకి నేర్పిన ఈ అల్లిక, కొద్ది తరాల్లోనే గడప దాటని కాపు ఇళ్ల లోగిళ్లలోకీ మిగతా ఇళ్లలోకీ పాకి డెల్టాకి సొంతమైపోయింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

గుర్తింపు వచ్చినందుకు సంతోషమే. కానీ మొదటి గొలుసు నుంచి చివరి గంజి దాకా మొత్తం పని తెలిసిన మనిషి ఊరికి ఎంతమంది ఉన్నారు? చేతిపని అమ్మాయికి అతుకు రాదు, అతుకు తెలిసినావిడకి దారం అంచనా తెలియదు. ఆ ముక్కలన్నీ ఇప్పుడు ఒక్క చేతిలోకి రావాలి. అందుకే కొత్త ఏడాదికి పెట్టుకోవాల్సిన పెద్ద పని ఒక్కటే అని నా గట్టి నమ్మకం: చిన్నదైనా సరే, ఒక వస్తువుని దారం కొనడం దగ్గర్నుంచి గంజిపెట్టి ఆరబెట్టడం దాకా పూర్తిగా ఒక్కరే చెయ్యాలి. చేస్తూ ప్రతి అడుగూ తెలుగులో పుస్తకంలో రాసిపెట్టాలి.

రాయాలంటే ముందు కుట్టుల పేర్లలో గజిబిజి ఉండకూడదు. అమెరికా పుస్తకాల్లో సింగిల్ అనేదాన్నే ఇంగ్లండు పుస్తకాల్లో డబుల్ అంటారు. ఏ దేశపుదో చూసుకోకుండా మొదలుపెడితే పువ్వు ఎత్తు మారిపోతుంది. సొంత పుస్తకంలో ఈ తికమక అక్కర్లేదు. సూది మీద దారం చుట్టకుండా వేసేది పొట్టి కుట్టు, ఒకసారి చుట్టి వేసేది పొడుగు కుట్టు, రెండుసార్లు చుట్టి వేసేది రెండు చుట్ల కుట్టు. ఇలా రాసుకుంటే కూతురికీ కోడలికీ కూడా అర్థమవుతుంది.

దారం సంగతి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 నంబరు లావు, 20 మధ్యరకం, 40 సన్నం, 60, 80 మరీ సన్నం. సూదిని దాని మీద ముద్రించిన నంబరుతో కాక మిల్లీమీటర్లతో గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఒక్కో కంపెనీ నంబరు ఒక్కోలా ఉంటుంది. 10 నంబరు దారానికి 1.5 మి.మీ., 20కి 1.25, 40కి 1.0, 60కి 0.75 సూది సుమారుగా సరిపోతాయి. చెయ్యి బిగువైతే ఒక మెట్టు పెద్ద సూది, వదులైతే ఒక మెట్టు చిన్నది తీసుకోవాలి. చేతిని మార్చుకోవడం కన్నా సూదిని మార్చుకోవడం తేలిక. చీటీ లేని పాత ఉండ నంబరు తెలుసుకోవాలంటే, తెలిసిన దారంతో పాటు పక్కపక్కనే ఒక పెన్సిలు మీద సందులేకుండా 20 చుట్లు చుట్టి రెండిటి వెడల్పూ పోల్చి చూడాలి.

కావాల్సిన దారమంతా ఒకేసారి, ఒకే లాటుది కొనడం చాలా ముఖ్యం. తెలుపులోనే పాలతెలుపు, నీలితెలుపు ఉంటాయి. కొత్తలో తేడా కనబడదు, రెండు ఉతుకులయ్యాక బల్లగుడ్డలో సగం ఒక రంగు, సగం ఒక రంగు అవుతుంది. ఎంత కొనాలో తెలియాలంటే ఒక్క పువ్వు పూర్తిగా అల్లి, నగల త్రాసు లాంటి చిన్న కాటా మీద తూచాలి. పువ్వు రెండున్నర గ్రాములుండి 120 పువ్వులు కావాలంటే 300 గ్రాములు. అతుక్కీ చివర్లకీ నూటికి పది చొప్పున కలిపి 330 అనుకోవాలి. పువ్వు మరీ తేలికైతే పది పువ్వులు కలిపి తూచి పదితో భాగించడం మేలు.

ఖాళీ గళ్లు, నిండు గళ్లతో బొమ్మ తేల్చే గళ్ల లేసుకి లెక్క ముందే వెయ్యకపోతే చీర కట్టేంత పొడుగు గొలుసు విప్పుకోవాల్సి వస్తుంది. ముందు 20 గళ్ల వెడల్పున, పది వరసల నమూనా అల్లి, తడిపి, ఆరబెట్టి అప్పుడు కొలవాలి. తడపని నమూనా కొలత నమ్మకూడదు. నమూనా 9 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం, అంటే గడి నాలుగున్నర మిల్లీమీటర్లు. 45 సెంటీమీటర్ల బల్లగుడ్డకి 100 గళ్లు కావాలి. ఒక్కో గడికి 3 గొలుసుల చొప్పున 300, ఆ పైన ఇంకో 5, మొత్తం 305. సూది దగ్గర్నుంచి ఎనిమిదో గొలుసులో మొదటి పొడుగు కుట్టు వేసి, అక్కణ్ణుంచి రెండు గొలుసులు అల్లి, కింద రెండు వదిలి, మూడోదాంట్లో కుట్టు వేస్తూ పోతే వరస చివర సరిగ్గా 100 ఖాళీ గళ్లు వస్తాయి. మొదటి గడి నిండుగా కావాలంటే లెక్క 303, మొదటి కుట్టు నాలుగో గొలుసులో. నిండు గళ్లు పక్కపక్కన ఎన్ని వచ్చినా వాటిని మూడుతో హెచ్చించి ఒకటి కలిపితే పొడుగు కుట్టుల సంఖ్య వస్తుంది. ఒక గడికి 4, రెండిటికి 7, ఐదిటికి 16.

ప్రతి 30 గొలుసులకీ ఒక రంగుదారం ముక్క దూర్చి పెట్టుకుంటే పక్కింటివాళ్లు పలకరించినా లెక్క తప్పదు. అనుమానం ఉంటే ఐదారు గొలుసులు ఎక్కువే వెయ్యాలి. మిగిలినవి మొదటి ముడి వైపు నుంచి విప్పేసుకోవచ్చు, తగ్గితే మాత్రం కలపడం కష్టం. ఇంకో సంగతి: పునాది గొలుసుని, మిగతా పని అల్లే సూది కన్నా ఒక మెట్టు పెద్ద సూదితో వెయ్యాలి. అదే సూదితో వేస్తే కింది అంచు బిగుసుకుని బల్లగుడ్డ విసనకర్రలా పైకి విచ్చుకుంటుంది. ఇస్త్రీతో ఆ వంకర పోదు. గళ్లు నిలువు తక్కువై అడ్డం ఎక్కువగా వస్తుంటే, కుట్టులో మొదట లాగే దారాన్ని కాస్త పైకి లాగి పట్టుకుంటే నిలువు పెరుగుతుంది.

గుండ్రం పని వేరే లెక్క. పొడుగు కుట్టుతో చదునుగా రావాలంటే వరసకి 12 పెరగాలి: 12, 24, 36, 48. పొట్టి కుట్టుతో అయితే వరసకి 6 చాలు. అంచు ముడతలు పడి లేస్తుంటే పెరుగుదల ఎక్కువైనట్టు, గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంటే తక్కువైనట్టు. పెంచే కుట్టు (ఒకే కుట్టులో రెండు వేసేది) ప్రతి వరసలోనూ ఒకే చోట పడితే గుండ్రం పోయి మూలలు తేలతాయి, కాబట్టి వరస వరసకీ ఆ చోటుని జరుపుకుంటూ పోవాలి.

పైనాపిల్ డిజైనంటే మన ఊళ్లలో అందరికీ ప్రాణం. టీవీ గుడ్డ మీద, దిండు గలేబు మీద, పెళ్లికూతురి పెట్టెలో పెట్టే బల్లగుడ్డ మీద అదే ఉండేది. దాని లెక్క అందంగా ఉంటుంది. ఒక లూపులో 10 పొడుగు కుట్టులు వేస్తే, పై వరసలో వాటి మధ్య ఒక్కో గొలుసు పెట్టినప్పుడు 9 సందులు వస్తాయి. ఆ సందుల్లో పొట్టి కుట్టులు వేసి మధ్యలో మూడేసి గొలుసులు అల్లితే 8 లూపులు. ఆ తర్వాత వరస వరసకీ ఒకటి తగ్గుతూ 7, 6, 5 అని చివరికి ఒక్క లూపుతో మొన తేలుతుంది. అడుగున 10కి బదులు 9 పడితే ఆ కాయ ఒక వరస ముందే ముగుస్తుంది, పక్క కాయతో ఎత్తు కలవదు. ఆ తేడా పైకి వెళ్లాక గానీ బయటపడదు. అందుకే అడుగు వరస పూర్తవగానే ఒక్కో కాయకీ 10 ఉన్నాయో లేదో రెండుసార్లు లెక్కపెట్టి, ఆ తర్వాతే ముందుకి వెళ్లాలి.

ఇక అతుకుపని. చేతిపని తెలిసినవాళ్లు ఎక్కువగా భయపడేది దీనికే. నిజానికి పువ్వు ఆఖరి వరసలోనే అతుకు పూర్తి చెయ్యొచ్చు. అంచు లూపుకి 5 గొలుసులు ఉంటే, అతకాల్సిన చోట 2 గొలుసులు అల్లి, పక్క పువ్వు లూపులో కింది నుంచి సూది దూర్చి ఒక పొట్టి కుట్టు వేసి, మళ్లీ 2 గొలుసులు అల్లి మన పువ్వులోకి తిరిగి రావాలి. రెండు పువ్వులకీ ముఖం వైపు పైకే ఉండాలి. ఒకటి బోర్లా పడితే పూర్తయ్యాక వెలుగులో ఆ ఒక్కటే వేరుగా కనిపిస్తుంది. పక్కపక్క పువ్వులకి ఎన్ని లూపులు కలిపామో కింది వరసలోనూ అన్నే కలపాలి. ఒకచోట రెండు, ఇంకోచోట మూడు కలిపితే గుడ్డ మెలిపడుతుంది. నాలుగు గుండ్రటి పువ్వులు కలిసేచోట మిగిలే ఖాళీలో ఒక చిట్టి పువ్వు పెట్టాలి. 6 గొలుసుల చుట్టలోంచి ఎనిమిది కాళ్లు బయలుదేరి, ఒక్కో పువ్వుని రెండేసి చోట్ల పట్టుకుంటాయి. కాలికి ఎన్ని గొలుసులు వెయ్యాలన్నది ఖాళీని బట్టి ఉంటుంది. నాలుగు పువ్వుల్నీ బల్ల మీద పరిచి స్కేలుతో కొలిచి చూసుకోవాలి. కాళ్లు పొట్టివైతే పువ్వులు లోపలికి లాగేసుకుంటాయి.

దారం అయిపోయినచోట ముడి వెయ్యకూడదు. ఆ రోజుల్లో ఏజెంట్లు వేలితో తడిమి ముడి తగిలితే పువ్వు తిప్పి పంపేసేవారు, అది న్యాయమే. గట్టి ముడి గుడ్డ మీద బొడిపెలా తేలుతుంది, వదులు ముడి ఉతుకులో ఊడుతుంది. చివర్లు కనీసం 5 సెంటీమీటర్లు వదిలి, మొద్దుమొన సూదితో నిండు కుట్టుల వెనకగా ఒకవైపుకి, మళ్లీ ఎదురువైపుకి, ఇంకోసారి మొదటివైపుకి దూర్చి కత్తిరించాలి. గొలుసుల మధ్య దాచబోతే కనిపిస్తుంది. అన్నీ చివరికి వదిలేస్తే ఒక బల్లగుడ్డకి రెండు వందల చివర్లు పోగుపడతాయి. ఏ పువ్వుకాపువ్వుకి పని ముగించుకోవడమే సుఖం.

కాజాకుట్టుకి రెండే జాగ్రత్తలు. గుడ్డని ముందే తడిపి ఆరబెట్టి తీరాలి, లేకపోతే మొదటి ఉతుకులో గుడ్డ కుంచించుకుని అంచు లేసు కుచ్చిళ్లు పడుతుంది. మడిచిన అంచు మీద మూడేసి మిల్లీమీటర్ల దూరంలో పెన్సిలుతో చుక్కలు పెట్టి పొట్టి కుట్టు వేసుకుపోవాలి, మూల దగ్గర ఒకే రంధ్రంలో మూడు. మూలకీ మూలకీ మధ్య కుట్టుల సంఖ్య అంచు డిజైను లెక్కకి భాగం పోవాలి. 8 కుట్టుల డిజైనైతే 96 గానీ 104 గానీ రావాలి, 100 వస్తే కుదరదు.

ఉతుకు దగ్గర మన డెల్టా ఇళ్లకి ప్రత్యేకమైన చిక్కులున్నాయి. వంటింట్లోంచి వచ్చిన చేతికి పసుపు ఉంటుంది. పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడి భయపెడుతుంది. కంగారుపడక్కర్లేదు, నీళ్లతో సబ్బంతా పోయేలా జాడించి ఎండలో పరిస్తే ఆ రంగు ఎండకే విరిగిపోతుంది. సూదిని తడిగాలికి అలాగే లేసులో గుచ్చి వదిలేస్తే తుప్పు మరక పడుతుంది. దాని మీద బ్లీచింగ్ వేస్తే మరక ఇంకా గట్టిపడుతుంది. తెల్ల నూలు మీదైతే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో గంటసేపు ఉంచి, శుభ్రంగా జాడించాలి, అవసరమైతే మళ్లీ చెయ్యాలి. తలనూనె అంటిన చోట కుంకుడు రసం బాగా పనిచేస్తుంది, కానీ తెల్లలేసుని అందులో నానబెట్టి మర్చిపోకూడదు, పసుపుపచ్చ ఛాయ పడుతుంది.

మామూలు ఉతుక్కి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా మెత్తని సబ్బు, అరగంట నానబెట్టడం చాలు. రుద్దకూడదు, పిండకూడదు. రెండు అరచేతుల మధ్య నొక్కి, తువ్వాల్లో చుట్టి తడి తీసెయ్యాలి. నీలిమందు వెయ్యాలంటే ముందు బకెట్టు నీళ్లలో చుక్కలు వేసి బాగా కలిపాకే లేసు ముంచాలి. లేసు మీద నేరుగా పడితే ఆ మచ్చ పోవడం గగనం.

గంజికి బియ్యం గంజి కన్నా సగ్గుబియ్యం గంజి నాకు నచ్చుతుంది, పారదర్శకంగా ఉండి కన్నాల్లో తెల్లపొర కట్టదు. రెండు టీ స్పూన్ల సగ్గుబియ్యం అరగంట నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లలో గింజ కనబడకుండా కరిగేదాకా ఉడికించి, పల్చని గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ముంచాలి. వడగట్టకపోతే ఉండలు గళ్లలో ఇరుక్కుంటాయి. చక్కెర పాకంతో బుట్టలు, పక్షులు నిలబెట్టే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది, మన ఇళ్లలో దాన్ని చీమలు బతకనివ్వవు.

తడి లేసుని రూపానికి తేవడం అన్నిటికన్నా సున్నితమైన పని. మంచి అల్లిక మామూలుగా కనిపించడానికీ, మామూలు అల్లిక మంచిగా కనిపించడానికీ కారణం చాలాసార్లు ఇదే. పెద్ద థర్మోకోల్ పలక మీద, కావాల్సిన కొలతలో పెన్సిలుతో వృత్తం గీసిన కాగితం వెయ్యాలి. పెన్నుతో గీస్తే సిరా దిగుతుంది. దాని మీద పల్చని ప్లాస్టిక్ పరిచి, తుప్పుపట్టని గుండుసూదులు దగ్గర పెట్టుకోవాలి. ముందు నడిబొడ్డున ఒకటి గుచ్చి, తర్వాత పైనొకటి కిందొకటి, కుడినొకటి ఎడమనొకటి ఎదురెదురుగా గుచ్చాలి. ఒకవైపు నుంచి వరసగా గుచ్చుకుంటూ పోతే నడుము పక్కకి జరిగిపోతుంది. 12 మొనలున్న పువ్వుకి మొనకీ మొనకీ 30 డిగ్రీలు. కాగితం మీద ఆ పన్నెండు గీతలు ముందే గీసుకుంటే కంటి అంచనాతో పని ఉండదు. నీడలో పూర్తిగా ఆరాకే సూదులు తీయాలి. పుష్యమాసపు గాలికి సాయంత్రం పెడితే మర్నాటికి కటకటలాడుతూ ఆరుతుంది.

దాచేటప్పుడు మాత్రం గంజి ఉండకూడదు. గంజి తిండి కోసం వెండిచేపలనే సన్న పురుగులు, బొద్దింకలు వస్తాయి. గంజి పోయేలా ఉతికి, బాగా ఆరబెట్టి, పాత తెల్ల నూలుపంచెలో చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మన తడిగాలికి లోపల చెమ్మపట్టి పసుపుతేలుతుంది. పెద్ద బల్లగుడ్డల్ని మడత పెట్టకుండా అట్టగొట్టానికి పంచె చుట్టి దాని మీద చుట్టాలి. మడతే పెట్టాల్సి వస్తే ఏటా మడత చోటు మార్చాలి, ఎందుకంటే దారం తెగేది మడత గీత దగ్గరే. అమ్మమ్మలనాటి లేసులు ఉన్నవాళ్లు ఈ వారంలోనే వాటిని తీసి చూడండి. పాలగిన్నె మీద కప్పే పూసల మూతలు, లంగా అంచులు, రేడియో గుడ్డలు ఏవి దొరికినా అడుగున ఒక నల్లగుడ్డ పరిచి పగటి వెలుగులో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోటోని పెద్దది చేసి కుట్టులు లెక్కపెట్టవచ్చు. పోయిన డిజైన్లు తిరిగి రావడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

కూలి సంగతి మాట్లాడకుండా ఈ లెక్క పూర్తికాదు. ఇన్నేళ్లూ కూలి దారాన్ని బట్టి నడిచింది గానీ గంటల్ని బట్టి నడవలేదు. అందుకే కళ్లూ మెడా అరగదీసుకున్న ఆడవాళ్ల చేతికి దక్కింది చాలా తక్కువ. వచ్చే ఏడాది అమ్మేవాళ్లు ప్రతి పనికీ గంటలు రాయండి. పువ్వుకి 40 నిమిషాలు, 36 పువ్వులు అంటే 24 గంటలు. అతుకు, చివర్లు, ఉతుకు, గంజి కలిపి ఇంకో ఆరు గంటలు, మొత్తం 30 గంటలు. ఈ అంకె చేతిలో ఉంటే బేరమాడేవాళ్లకి జవాబు చెప్పే ధైర్యం వస్తుంది. మిషను సరుకుతో పోలిస్తే ఏం చెప్పాలంటే, క్రోషే కుట్టు చేత్తోనే పడుతుంది. మిషను తీసేది దానిలా కనిపించే వేరే అల్లిక. చేతిలేసు ఆఖరి ముడి విప్పి లాగితే కుట్టు వెనక కుట్టు మొదటి గొలుసు దాకా ఊడి వస్తుంది. మిషను లేసు అలా రాదు.

మరి మొదటి పూర్తి వస్తువుగా ఏది అల్లాలి? పూసల మూత మంచిది. చిన్నది, కానీ అన్ని పనులూ అందులో ఉన్నాయి. 20 నంబరు దారం, 1.25 సూది. 6 గొలుసుల చుట్టలో మూడు గొలుసులు లేపి, ఇంకో 11 పొడుగు కుట్టులు వేస్తే 12. వరసకి 12 చొప్పున పెంచుతూ 8 వరసలు వెళ్తే 96. తొమ్మిదో వరసలో మూడు కుట్టులు వదిలి నాలుగోదాంట్లో పొట్టి కుట్టు, మధ్యన 5 గొలుసులు. ఇలా 24 లూపులు వస్తాయి. తర్వాతి వరసల్లో అదే 24 లూపులకి 6 గొలుసులు, ఆపైన 7. అక్కడ దారం తెంచి, కొత్త దారానికి పూసలు ముందే గుచ్చుకోవాలి. 24 కావాలి, పగిలితే పనికొచ్చేలా రెండు ఎక్కువ. పూస కన్నం చిన్నదై దారం నూగు లేస్తుంటే ఆ పూసలు వద్దు. ఆఖరి వరసలో 4 గొలుసులు అల్లి, పూసని సూది దగ్గరికి జరిపి, దాన్ని దాటించి బిగువుగా ఒక గొలుసు వేసి, ఇంకో 3 గొలుసులు. మొత్తం 10, 11 సెంటీమీటర్ల మూత వస్తుంది. పూసల బరువుకి ఫ్యాను గాలికి కూడా ఎగరదు.

సంక్రాంతి హడావిడి తగ్గాక దీన్ని మొదలుపెడితే జనవరి దాటదు. ఫిబ్రవరి, మార్చి పొడిగా ఉంటాయి కాబట్టి తెల్లదారంతో పెద్ద పని అప్పుడే పెట్టుకోవాలి, ఒళ్లో నల్లగుడ్డ పరుచుకుని పగటి వెలుగులో అల్లితే కళ్లకి శ్రమ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చెమట చేతులకి రంగుదారం, చిన్న పువ్వులు. వానలు మొదలయ్యాక చేతిపని చేసుకోవచ్చు గానీ ఉతుకు, గంజి జోలికి వెళ్లొద్దు. పూర్తయిన పువ్వుల్ని పదేసి చొప్పున దారానికి గుచ్చి, నంబరు చీటీ కట్టి పెట్టుకోండి. దసరా దాటాక అతుకు. కార్తీకంలో చివర్లు, అంచు. మళ్లీ డిసెంబరు పొడిగాలి రాగానే థర్మోకోల్ పలక, గుండుసూదులు బయటికి తీయడమే.